ఐదేళ్లుగా పెట్టెలోనే ఉన్న సెబెంజా కత్తిని ఈసారి కొండకి తీసుకెళ్లాలా, వద్దా?

తెనాలోడు (బోయిసీ, ఐడహో):

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగైంది, ఓపిక పట్టి చదవండి. జులై మూడో వారంలో సాటూత్ కొండల్లో ఆలిస్ లేక్‌కి నడిచి వెళ్తున్నాం, నేనూ మా పెద్దాడూ. ఈలోగా తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది.

నా దగ్గర రెండు మంచి కత్తులున్నాయి. రెండూ బీరువాలోనే ఉన్నాయి.

మొదటిది సెబెంజా 31, పెద్ద సైజు. మడత కత్తి. అలుగు 3.61 అంగుళాలు, లోహపు పొడి నుంచి చేసే ఎస్45వీఎన్ అనే ఉక్కు. పిడి పలకలు రెండూ టైటానియం. దీన్ని మొదట తయారుచేసిన క్రిస్ రీవ్ 1989లో దక్షిణాఫ్రికా నుంచి వచ్చి మా బోయిసీలోనే స్థిరపడ్డారు. కార్ఖానా ఇప్పటికీ ఈ ఊళ్లోనే ఉంది. నేను కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో రోజంతా మైక్రాన్ల లెక్కలు చూసేవాణ్ణి. ఊళ్లోనే ఒకచోట మడత కత్తిని కూడా అంత కచ్చితంగా చేస్తారని తెలిసిన రోజే దాని మీద మనసు పడింది. 2020లో కొన్నాను, 450 డాలర్ల దాకా అయింది. ఏ తేదీన తయారైందో రాసిన చిన్న కార్డు కూడా పెట్టెలో వచ్చింది, పుట్టినరోజు కార్డు అంటారు. ప్రతి ఆదివారం సాయంత్రం బయటికి తీసి, పదిసార్లు తెరిచి మూసి, మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ లోపల పెడతాను. ఇప్పటిదాకా అది కోసింది ఒక్కటే, పోస్టులో వచ్చిన కవరు. అదీ అంచు మీద ఒక్క గీత.

రెండోది మా పాత మేనేజరు రిటైరైనప్పుడు ఇచ్చింది. మడత కాదు, తోలు ఒరలో ఉండే వేట కత్తి. 52100 అనే, బేరింగులకి వాడే ఉక్కుని కొలిమిలో కాల్చి కొట్టి చేసింది. జింక కొమ్ము పిడి, చేయి అలుగు మీదికి జారకుండా ఇత్తడి అడ్డు. ఆయన చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో ఒక పెద్దాయన చేసేవాడట, ఆ పెద్దాయన పోయి ఇరవై ఏళ్లయింది. "నేనిక వేటకి వెళ్లను, నువ్వు అడవులు తిరుగుతావు కదా" అని చేతిలో పెట్టారు. తిరుగుతాను. దాన్ని మాత్రం ఒక్కసారి కూడా వెంట తీసుకెళ్లలేదు.

కొండలకి వెళ్లినప్పుడు నా జేబులో ఉండేది 20 డాలర్ల మోరా, మడవని చిన్న కత్తి. ప్లాస్టిక్ పిడి, స్వీడన్ సరుకు. ఏ పనికైనా లొంగుతుంది, పోయినా బాధ లేదు.

కిందటి ఆగస్టులో రెడ్‌ఫిష్ లేక్ దగ్గర గుడారం వేశాం. సముద్రం నుంచి 900 మైళ్లు ఎదురీదుకుంటూ ఆ చెరువుకి వచ్చే సాకై అనే సాల్మన్ చేపల గురించి మా పెద్దాడికి చెబుతున్నా. 1992లో అయితే ఒక్కటంటే ఒక్క చేప తిరిగొచ్చింది. నది మీద అన్ని ఆనకట్టలు దాటుకుని ఎలా వచ్చిందో! ఆ కథ చెబుతూ మోరాతో పైన్ పుల్ల చెక్కుతుంటే వాడు అడిగాడు: "నాన్నా, ఆదివారాలు నువ్వు తుడిచే కత్తి ఎందుకు తేలేదు?" పాడైపోతుంది కదా అన్నాను. "మరి అది దేనికి?" అన్నాడు. వాడి వయసు పదకొండు. ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలియక అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. సెబెంజా అంటే జూలూ భాషలో 'పని' అని అర్థం. అది తెలిసి కూడా ఐదేళ్లుగా దాచాను.

నా పెంపకం కూడా అలాంటిదే. తెనాలిలో మా ఇంట్లో చుట్టాలొస్తేనే అటక మీంచి దిగే కప్పులూ సాసర్లూ ఉండేవి. మేము స్టీలు గ్లాసుల్లోనే తాగాం. అమ్మ పోయాక ఆ కప్పులు దించి చూస్తే ఒక్కదానికీ పెచ్చు ఊడలేదు. వాటిలో అమ్మ ఒక్కసారైనా కాఫీ తాగిందో లేదో నాకు గుర్తు లేదు.

కాబట్టి అడిగేది ఇదీ. సెబెంజాని కొండకి తీసుకెళ్లనా? కొమ్ము పిడి కత్తి సంగతి ఏం చేయను? డిసెంబరులో ఇండియా వస్తున్నాను, దాన్ని నాన్నకి చూపించాలని కూడా ఉంది. వాడేవాళ్లూ దాచేవాళ్లూ ఇద్దరూ చెప్పండి.

*

పాతకత్తులు (తార్నాక, హైదరాబాద్):

బాబూ, నేను దాచేవాణ్ణి. బ్యాంకు ఉద్యోగం చేసినంత కాలం కొని, ఇప్పుడు వాటితోనే పొద్దుపుచ్చుతున్నాను. నలభై రెండు ఉన్నాయి. అందుకని నా మాటలో పక్షపాతం ఉంటుంది, తెలిసే చదవండి.

సాలార్‌జంగ్ మ్యూజియంలో పచ్చరాతి (జేడ్) వస్తువుల గదికి వెళ్లే ఉంటారు. అక్కడ జహంగీరు బాకు, నూర్జహాను పళ్లు కోసుకునే కత్తి ఉన్నాయి. పళ్లు కోసే కత్తి! జామకాయకో ఖర్బూజాకో వాడాల్సిన వస్తువు. నాలుగు వందల ఏళ్లకి మనం చూడగలుగుతున్నామంటే ఎవరో దాచబట్టే. నేను మూడు నెలలకోసారి వెళ్లి దాని ముందు నిలబడతాను. దాచడం పిసినారితనం అనుకోవద్దు. చేసిన చేయి పోయాక, ఆ చేతి పని మిగిలేది ఆ వస్తువులోనే.

అందుకే మీ రెండు కత్తుల్నీ ఒక గాటన కట్టకండి. సెబెంజా ఈ రోజు పోయినా రేపు డబ్బు పెడితే అలాంటిదే ఇంకోటి వస్తుంది. కొమ్ము పిడిది రాదు. ధర చూసి కాదు, మళ్లీ దొరుకుతుందా లేదా అన్నది చూసి నిర్ణయించాలి. కాలిఫోర్నియాలో బాబ్ లవ్‌లెస్ అనే కత్తుల తయారీదారు ఉండేవారు, 2010లో పోయారు. ఆయన చేసినవి వేట కత్తులే, లేడిని కోయడానికి పనికొచ్చేలా మొన కిందికి దించి చేసినవి. ఇవాళ అవి వేల డాలర్లు పలుకుతున్నాయి, వాటితో ఎవరూ లేడిని కోయడం లేదు. ఆయన మొదలుపెట్టిన కథ కూడా వినండి. 1950ల్లో న్యూయార్కు దుకాణంలో రాండల్ అనే పేరున్న తయారీ కత్తి కొనబోతే నెలల తరబడి ఆగాలన్నారట. పట్టుదల వచ్చి పాత ప్యాకార్డు కారు స్ప్రింగుతో తనే ఒకటి చేసుకున్నారు.

ఇక అసలు మాట. మీ కొమ్ము పిడి కత్తి తోలు ఒరలోనే ఉందా? ఉంటే ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు బయటికి తీయండి. తోలు శుద్ధి చేసినప్పటి లవణాలు, ఆమ్లం దానిలోనే ఉంటాయి. పైగా అది చెమ్మ పీల్చి పట్టుకుంటుంది. 52100లో క్రోమియం ఒకటిన్నర శాతమే, తుప్పు ఆపడానికి చాలదు. ఒర విడిగా, కత్తి విడిగా ఉండాలి. అలుగుకి పల్చగా మినరల్ ఆయిల్ రాసి, నూనె అద్దిన గుడ్డలో చుట్టి, పక్కన సిలికా జెల్ పొట్లం పెట్టండి. కొబ్బరినూనె, నువ్వులనూనె వాడకండి, జిగురు కడతాయి. కొమ్ముకి మాత్రం మరీ పొడి గాలి తగలకూడదు, పగులు తీస్తుంది. మీది ఐడహో కాబట్టి హీటరు దగ్గర పెట్టొద్దు.

నేను ఖరీదు పెట్టి నేర్చుకున్నది ఒకటి చెబుతాను. పాత సెల్యులాయిడ్ పిడి చాకు ఒకటి మిగతా వాటితో కలిపి సొరుగులో పెట్టాను. సెల్యులాయిడ్ ముసలిదైతే ఆవిరి వదులుతుంది, ఆ ఆవిరి ఇనుముని తినేస్తుంది. రెండేళ్లు తెరవలేదు. తెరిచేసరికి దాని చుట్టూ ఉన్న ఐదు కత్తుల అలుగులు గుంటలు పడి ఉన్నాయి. వాటిలో ఒకటి మా మామగారిది.

*

గల్ఫ్‌గాలం (హ్యూస్టన్):

అన్నా, నేను గాల్వెస్టన్‌లో ప్రతి శనివారం గాలం వేసేవాణ్ణి. నాది వాడే పార్టీ. కానీ ఎక్కడ ఏది వాడాలో తెలియక ఒక కత్తిని సముద్రంలో పోగొట్టుకున్నాను. 600 డాలర్లు పెట్టి ఒక మడత కత్తి కొన్నాను, కొన్న రెండో నెలలో పడవ అంచు మీద కూర్చుని తాడు కోస్తున్నా. అల ఒకటి కొట్టింది, చేతికి చేప జిగురు ఉంది, జారింది. చప్పుడు కూడా రాలేదు. తాడు కట్టుకుని ఉంటే పోయేది కాదు. పిడికి కన్నం ఉన్నా నేనే తాడు కట్టలేదు, అంత మంచి కత్తికి తాడు కడితే అందం పోతుందని.

ఇప్పుడు ఉప్పునీళ్లకి స్పైడర్కో సాల్ట్ అనే కత్తి వాడుతున్నాను. దాని హెచ్1 ఉక్కులో కార్బన్‌కి బదులు నైట్రోజన్ పని చేస్తుంది, తుప్పు పట్టదు. పదును మాత్రం తొందరగా తగ్గుతుంది, రోజూ కాస్త నూరాలి.

మీది మంచినీళ్ల చెరువు, పొడి కొండ. సెబెంజాకి ఏమీ కాదు, తీసుకెళ్లండి. రెండు జాగ్రత్తలు మాత్రం. మడత కత్తిని చెక్క మీద పెట్టి వెనకనుంచి కొట్టి పుల్లలు చీల్చొద్దు. దెబ్బ అంతా ఇరుసు మీదా, తెరిచిన అలుగుని పట్టి ఉంచే తాళం మీదా పడుతుంది. చీల్చే పనికి మీ మోరా ఉండనే ఉంది. చేపని కూడా మోరాతోనే కోయండి. మడత కత్తి కీలులోకి రక్తం, పొలుసు పోతే వాసన వదలదు. సెబెంజాని స్క్రూలు తీసే కీతో విప్పి కడుక్కోవచ్చు, అది దానిలో ఉన్న గొప్ప సుఖం. అయినా కొండ మీద విప్పకండి, గడ్డిలో స్క్రూ పడితే కథ ముగిసినట్టే.

ఇండియాకి ఏ కత్తి తీసుకెళ్లినా చెక్ ఇన్ పెట్టెలో వేయండి. చేతి సంచిలో మర్చిపోయి సెక్యూరిటీ దగ్గర వదిలేసి ఏడ్చినవాళ్లని నలుగుర్ని ఎరుగుదును.

*

మోకు ముస్తాదు (బాలానగర్, హైదరాబాద్. ఊరు జనగామ దిక్కు):

తమ్ముడూ, నేను బాలానగర్ల టూల్ రూంల గ్రైండింగు పని జేస్త, ముప్పై ఏండ్లాయె. మా నాయిన గీత కార్మికుడు. కత్తి ముచ్చట గాబట్టి ఆగలేక రాస్తున్న.

మీరంతా ఖరీదు కత్తి, చవుక కత్తి అంటున్నరు. మా ఇంట్ల అన్నింటికన్న ఖరీదు వస్తువు మా నాయిన కత్తే ఉండె. ధర లెక్కన గాదు. అది సక్కగ లేకుంటే ఆ పూట మాకు బువ్వ లేదు. తాటిచెట్టు గెలను పొద్దుగాల ఒకసారి, పొద్దుమూకినంక ఒకసారి గీయాలె. తమలపాకు మందం గూడ గాదు, ఇంక పల్చగ. ఆ గీత సాఫుగ పడితెనే కల్లు కారుతది. కత్తి మొండిగ ఉంటే గెల నలుగుతది, నలిగితే నరాలు మూసుకపోతయి, కల్లు లొట్టి ఖాళీ. మల్ల అది ఎక్కడ గీసేది? యాభై అడుగుల మీద, నడుముకు మోకు, కాళ్లు రెండు బంధం మీద, గాలికి చెట్టు ఊగుతుంటె.

అందుకని పొద్దుగాల లేసి చాయ్ తాగకముందే కత్తి నూరుడు. రాయి మీద గాదు. ఒక కట్టె పలక ఉండె, దాని మీద పలుగురాయి పొడి జల్లి మెల్లగ తీస్తుండె. ఆ చప్పుడుకే నాకు మెలకువ అచ్చేది. నూరినంక ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూసుకుంటుండె. మా నాయిన ఎడమ ముంజేతి మీద ఎన్నడు వెంట్రుకలు లేకుండె.

ఇగ అసలు సంగతి ఇను. ఆయన తాన ఒక్క కత్తి గాదు. కమ్మలు నరకనీకి, మట్టలు తీయనీకి బరువుది ఒకటి, గెల గీయనీకి పల్చంది ఇంకోటి. గెల కత్తితోని కమ్మ నరికితే చంపేస్తుండె. ఒకపారి నేను చిన్నగున్నప్పుడు దాంతోని చెరుకుగడ కోసిన. కొట్టలే, తిట్టలే. ఆ దినం మొత్తం మాట్లాడలే. తెల్లారి నన్ను కూసుండబెట్టి ఆ పొడి పలక ముందల పెట్టి నూరమన్నడు. రెండు గంటలు నూరిన. మల్ల పదును అచ్చినంకనే చెట్టెక్కిండు.

ఆ కత్తి మా ఊరి కమ్మరి లారీ కమాన్ పట్టీతోని జేసిండు. తార్నాక సార్ చెప్పిన కారు స్ప్రింగు కథ సదివి నవ్వచ్చింది, మనసుకు మంచిగనిపించింది. ఆడ ప్యాకార్డు, ఈడ లారీ. ఇనుము గదే జాతి. నూరి నూరి దాని వెడల్పు సగమైంది. మా నాయిన పోయినప్పుడు ముస్తాదు, మోకు, చెట్టెక్కే సామాను అన్నీ మా తమ్మునికిచ్చిన, ఆయన ఇంక చెట్టెక్కుతడు. ఆ అరిగిపోయిన కత్తి ఒకటి నేను తెచ్చుకున్న. దాన్ని వాడ. ఎందుకంటె ఇంకొక్క ఏడాది నూరితే అది కత్తిగ మిగలదు. దాచిపెట్టిన. కానీ అది చేయాల్సిన పని చేసినంక దాచిన.

నీ సెబెంజా ఇంక పని మొదలువెట్టలేదు తమ్మీ. తీస్కపో. పోరడి చేతికియ్యి. చెక్కనీయి. కొమ్ము పిడిది వేరే లెక్క, గల్ఫ్‌గాలం తమ్ముడు చెప్పినట్టు ఏ కత్తికి ఏ పనో సూసుకో. నీకు వేట లేదు గద. మరి దానికి నీ తాన పని ఏముంది?

*

తెనాలోడు:

అన్నా, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను, మధ్యలో ఆగాల్సి వచ్చింది.

పాతకత్తులు గారూ, మీరు చెప్పగానే కిందికి వెళ్లి చూశాను. నాలుగేళ్లుగా ఒరలోనే ఉంది. బోయిసీది ఎడారి గాలి, తుప్పు పట్టదని ధీమాగా ఉన్నాను. ఒర మూతి దగ్గర ఇత్తడి అడ్డు పచ్చగా చిలుం పట్టింది. అలుగు మీద ఎడమ వైపు గోధుమ రంగు మచ్చలు ఐదు, ఒకటి ఆవగింజంత గుంట. మా మేనేజరు దాంతో ముప్పై ఏళ్లు లేళ్లు కోశారు, ఇచ్చిన రోజు దాని మీద ఇలాంటి మచ్చ ఒక్కటి లేదు. ఆయన ఇచ్చినప్పటి నుంచీ దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. నా చేతిలోనే ఇలా అయింది. ఏం చేయాలో చెప్పండి.

*

పాతకత్తులు:

కంగారు పడకండి. గరుకు కాగితం అసలు ముట్టుకోవద్దు. నూనె వేసి రాత్రంతా నానబెట్టి, పొద్దున మెత్తటి రాగి ముక్కతోనో, ఇత్తడి ముక్కతోనో మచ్చని గీకండి. రాగి, ఇత్తడి ఉక్కు కన్నా మెత్తన, గీత పడదు. చిలుం కూడా నూనె గుడ్డతోనే పోతుంది. గుంట పోదు. దాన్ని పోగొట్టాలని చూడకండి, అలుగు అరుగుతుంది, చేసినాయన తీర్చిన రూపు మారిపోతుంది. అలాగే ఉండనివ్వండి.

*

నల్లమలపిట్ట (అచ్చంపేట):

అన్నయ్యా, ఇండియాకి తెస్తానన్న మాట గురించి. ఆ పిడి ఏ జింక కొమ్ము? పాత అమెరికా కత్తులకి మన కణుజు (సాంబార్ జింక) కొమ్ములే ఎక్కువ వాడేవారు, లోపల గుల్ల తక్కువ, గట్టిగా ఉంటాయని. కణుజుదైతే దయచేసి తేవద్దు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. రాలిపడిన కొమ్ము దొరికినా ఇంట్లో పెట్టుకోకూడదు. నాన్నగారికి వీడియో కాల్‌లో చూపించండి.

ఇంకోటి, ట్రెకింగు వాళ్లందరి కోసం రాస్తున్నాను. పక్షుల లెక్కకి వలంటీరుగా వెళ్తుంటాను, చెక్‌పోస్టు దగ్గర ఈ గొడవ ప్రతిసారీ జరుగుతుంది. అదే చట్టంలో ఆయుధం అన్న మాట కిందికి తుపాకీ, వల, ఉచ్చులతో పాటు కత్తి కూడా వస్తుంది. అభయారణ్యంలోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధం తీసుకెళ్లడం నేరం. గార్డుతో వాదన పెట్టుకోకండి, ఆయన తన పని చేస్తున్నాడు. ఇక్కడ మన సరదా కత్తులు ఇంట్లోనే ఉండాలి. మీ ఐడహోలో ఆ అడ్డు లేదు కాబట్టి హాయిగా తీసుకెళ్లండి, మా తరఫున కూడా.

*

తెనాలోడు (జులై ఆఖరు):

వచ్చేశాం. చెప్పాల్సింది చాలా ఉంది.

పెటిట్ లేక్ దగ్గర కారు ఆపి నడక మొదలుపెట్టాం. ఆరు మైళ్ల ఎక్కుడు, వాగులు దాటాలి. సెబెంజా నా కుడి జేబులో, పిడి కన్నానికి తాడు కట్టి. గల్ఫ్‌గాలం తమ్ముడూ, నీలం తాడు. అందంగానే ఉంది. మొదటి రెండు మైళ్లు ప్రతి పది నిమిషాలకీ జేబు తడుముకున్నాను. తర్వాత మర్చిపోయాను. మర్చిపోయానని సాయంత్రం గుడారం వేసేటప్పుడు తెలిసింది.

మొదటి పని తాడు కోయడం. రెండోది ఉప్మాకి ఉల్లిపాయలు. ఇందులో మాత్రం సెబెంజాకి అంత మార్కులు వేయలేను. వెన్ను మందం, ఉల్లిపాయని కోయడం కన్నా చీల్చినట్టుంటుంది. పచ్చిమిర్చి అద్భుతంగా కోసింది, అల్లం కూడా. తర్వాత పిల్లాడు గుడారం మేకు ఒకటి విరిగిందని పైన్ కొమ్మతో కొత్తది చెక్కాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. అలుగు ఎప్పుడూ ఒంటికి ఎదురుగా కాదు, బయటికే పోవాలి, మోకాలి మీద పెట్టి చెక్కకూడదు, ఇవి ముందే చెప్పాను. పైన్ తొక్క ఉంగరాలు తిరిగి లేస్తుంటే వాడు మాట్లాడటం మానేశాడు. గంటసేపు చెక్కాడు, మేకు అవసరానికి మించి సన్నమైంది, అయినా ఆపలేదు. ఐదేళ్లలో ఆ కత్తి నుంచి నేను ఎప్పుడూ వినని చప్పుడు అది, చెక్కని కోసే చప్పుడు.

ట్రౌట్లు రెండు పడ్డాయి. మోరాతో కోశాను, మాట నిలబెట్టుకున్నాను.

రెండో రోజు పొద్దున వాడి చేతిలోంచి జారింది. తాడు విప్పాం అప్పటికి, కడగడానికి. చెరువు గట్టున ఉన్నదంతా గ్రానైటు రాయి. మొన కిందికే పడింది. వాడి మొహం చూశాను, తెల్లబోయి నిలబడ్డాడు. నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది జనగామ అన్న వాళ్ల నాన్న. తిట్టలేదు. కత్తి తీసి చూస్తే మొన కొస మిల్లీమీటరు లోపు విరిగింది, వేలితో తడిమితే తెలుస్తుంది. "నాన్నా, సారీ" అన్నాడు. "ఇంటికెళ్లి నువ్వే నూరాలి" అన్నాను. సరేనని దాన్ని నేను ఆదివారాలు తుడిచినట్టే, అదే తీరులో, వెన్ను వైపునుంచి గుడ్డ పెట్టి తుడిచి మూశాడు. ఎప్పుడు గమనించాడో నాకు తెలియదు.

ఇంటికొచ్చాక ఇద్దరం డైనింగ్ టేబుల్ మీద తెల్ల తువ్వాలు పరిచి విప్పాం. లోపల పైన్ బంక, ఇసుక, ఒక ఉల్లిపొర ముక్క. బంక ఆల్కహాల్‌తో పోయింది, మిగతాది గోరువెచ్చని సబ్బునీళ్లకి. టైటానియం మీద నత్త పాకిన జాడల్లా మెరిసే గీతలు పడ్డాయి, ఎక్కువ నా తాళాలతో పడ్డవే. ఒక్కో గీత ఎక్కడ పడిందో వాడు చెబుతున్నాడు, సగం కల్పించి.

పెట్టె, పుట్టినరోజు కార్డు అటక మీద పెట్టాను. కత్తి ఇప్పుడు తలుపు దగ్గర తాళాల గిన్నెలో ఉంటోంది.

కొమ్ము పిడి కత్తి మా మేనేజరు దగ్గరికి తీసుకెళ్లాను. గుంట చూపించి జరిగింది చెప్పాను. ఆయన బొటనవేలితో ఆ గుంటని చాలాసేపు తడిమారు. అది కణుజు కొమ్మేనట, ఇండియాదే అని కొన్న రోజు చెప్పారట. ఆయన మనవరాలు ఈ శరదృతువులో మొదటిసారి లేడి వేటకి వెళ్తోంది, లైసెన్సు పరీక్ష పాసైంది. నేను ఇచ్చేశాను. ఆయన వద్దన్నారు, ఇచ్చిన వస్తువు వెనక్కి తీసుకోరట. ఆ అమ్మాయికి నేనిస్తున్నాను అన్నాను. కొత్త ఒర కూడా చేయించి ఇచ్చాను, దానిలో దాచవద్దని గట్టిగా చెప్పి.

ఒక్క ప్రశ్న మిగిలింది. విరిగిన మొన ఎలా సరిచేయాలి? నా దగ్గర 400, 1000 గరుకు నంబర్ల సానరాళ్లున్నాయి. పిల్లాడు రేపు పొద్దున మొదలుపెడదామంటున్నాడు.

*

మోకు ముస్తాదు:

400 రాయి చాలు తమ్మీ. వాదర దిక్కునుంచి నూరకు, పదును పోతది. వెన్ను దిక్కునుంచి కొంచెం కొంచెం తీసుకుంట రా, వెన్ను కిందికి దిగి వాదరను కలిసిన కాడ కొత్త మొన అస్తది. రాయి మీద నీళ్లు ఎండనీయొద్దు. అలుగు వేడెక్కితే ఆపు. పోరణ్ణి తొందరపడొద్దను, రెండు గంటలు పడుతది.